నలుగురిలో నోరు ఎందుకు పెగలదు? మన పిల్లల భయానికి ఒక చరిత్ర

  పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికగా చదవండి. ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నోళ్లు చివరిదాకా చదవండి.

మొన్న తీజ్ పండుగకు దేవరకొండ దిక్కు ఒక తాండాకు పోయినం. అక్కడ ఒక తమ్ముడు కలిసిండు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని పట్నంల ఇంటర్‌ల చేరిండు. కాలేజీ మొదలైన వారంలో ఒక క్లాసులో "లేచి నీ గురించి చెప్పు" అన్నరట. లేచిండు, పేరు చెప్పిండు. 'నాయక్' అనంగనే వెనక బెంచీలో ఎవరో ఆ పేరును యాస పెట్టి మళ్లీ అన్నరు. క్లాసంతా నవ్విండ్రు. ఆ రోజు నుంచి ఆ పిల్లగాడు లేవాల్సి వస్తే చేతులు చెమట పట్టుడు, గొంతు ఎండుడు, గుండె దడ. హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్ సర్' అనడానికి కూడా భయం. రెండు నెలలకు కాలేజీ మానేసిండు. ఇప్పుడు హైదరాబాద్‌ల క్యాటరింగ్ పనికి పోతున్నడు. "అన్నా, సార్ అడిగినదానికి జవాబు నాకు తెలుసు. నోరే పెగల్లే" అన్నడు.

ఇంట్లోవాళ్లు అడగబోతే కాలేజీ వాళ్లు ఒకరు చెప్పిన మాట ఇంకా బాధ పెట్టింది. "మీవాళ్లకు పుట్టుకతోనే బెరుకు ఎక్కువ."

ఈ 'పుట్టుకతోనే' అనే మాట మనకు కొత్త కాదు. దాని వయసు 150 ఏండ్లు దాటింది. ఒకప్పుడు మనలాంటోళ్లకు పుట్టుకతోనే నేరబుద్ధి అన్నరు, ఇప్పుడు పుట్టుకతోనే బెరుకు అంటున్నరు. అందుకే ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో, మెదడులో అది ఎట్ల పనిచేస్తదో, రెండు చరిత్రలూ కలిపి రాయాలనుకున్నం.

ముందు మన దిక్కు చూద్దం. లంబాడీల తాతలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన వ్యాపారులు. మొఘల్ సైన్యాలకు, దక్కన్ సైన్యాలకు తిండి మోసినోళ్లు వాళ్లే. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఉత్తరాదిలో ఒక్క తాండా వెంట 14,000 ఎద్దులు పోవడం చూసి రాసుకున్నడు. ఊరూరికీ భాష మారుతది, ధర మారుతది, కొలత మారుతది. ప్రతి సంతలో కొత్త మనుషులతో బేరమాడాలె, సైన్యాధికారులతో ఒప్పందం చేసుకోవాలె. బెరుకున్న జాతి చేసే పనేనా అది?

ఇప్పుడు కూడా తాండాలో చూడండి. తీజ్ తొమ్మిది రోజులు పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పెంచుకుంట, తాండా మొత్తం చూస్తుంటే గుండ్రంగా తిరిగి పాడి ఆడుతరు. పెండ్లిలో అత్తగారింటికి పోయే పిల్ల అందరి ముందు ఢావ్లో పాడుతది. అప్పటికప్పుడు మాటలు కట్టుకుంట, ఏడ్చుకుంట, యాడిని, బాపును, అన్నదమ్ములను పేరుపేరునా తలుచుకుంట పాడుతది. వందల మంది ముందు గొంతెత్తే ఆ పిల్లే సోమవారం క్లాసులో ఒక్క ముక్క మాట్లాడదు. మనిషి అదే, మెదడు అదే. మారింది చూసే కండ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మెదడు దగ్గరికి వచ్చినప్పుడు అవసరం పడుతది.

చూసే కండ్లు ఎప్పుడు మారినయ్? 19వ శతాబ్దంలో రోడ్లు, రైళ్లు వచ్చినయ్. 1874లో హైదరాబాద్-వాడి రైలు మార్గం మొదలైంది. ఎద్దుల మీద సరుకు మోసే బతుకు కూలిపోయింది. దానికి మూడేండ్ల ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఒక మనిషి తప్పు చేసిండా లేదా అని కాదు, ఏ కులంలో పుట్టిండన్నదే ఆ చట్టానికి లెక్క. మొదట ఉత్తరాదిలో అమలైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పేరు రాసుకుంటరు, వేలిముద్రలు తీసుకుంటరు, చెప్పిన టైంకు హాజరు పలకాలె, ఊరు దాటాలంటే పాసు కావాలె. ఎరుకల వాళ్ల కోసం బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిండ్రు. మన నల్గొండ, పాలమూరు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండె. కాని 'దొంగ కులాలు' అనే మాటకు సరిహద్దు ఎక్కడిది? సంతకు పోయినా అనుమానం, కొత్త ఊర్లో రాత్రి ఆగినా అనుమానం.

స్వాతంత్ర్యం వచ్చినంక ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దేశంలో చాలా సంఘాలు ఆ రోజును ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటయ్. చట్టం పోయింది గని చూపు పోలేదు.

చెంచుల కథ వేరు. నల్లమలలో, అమ్రాబాద్ పీఠభూమి మీద పెంటల్లో బతికినోళ్లు. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. చెంచులు కొత్తవాళ్లను చూస్తే తప్పుకుంటరని, సిగ్గరులని ఎంతోమంది రాసిండ్రు, ఇప్పటికీ రాస్తున్నరు. ఐతే అడవిలోకి వచ్చే కొత్త మనిషి ఎవరో ఆలోచించండి. అప్పుల షావుకారు, కాంట్రాక్టరు, కేసు రాసే అధికారి. అసొంటోళ్లు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవడం పిరికితనం కాదు, తెలివి. ప్రమాదాన్ని గుర్తుపట్టి తప్పించుకునే ఏ మెదడైనా చేసే పని అది.

ఆ తర్వాత బడి వచ్చింది. 1971లో అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు కాలంలో మన నల్గొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలకు కూడా ఎస్టీ గుర్తింపు వచ్చింది. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలకు ఉన్న హక్కు ఇక్కడ లేకుండె. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, గురుకులాలు పెరిగినయ్. పాలమూరు నుంచి, దేవరకొండ నుంచి యాడి బాపు బొంబాయి, పుణె, హైదరాబాద్‌కు కూలికి పోతే పిల్లలు హాస్టల్లో చదివిండ్రు. మనలో చాలామందికి ఈ పోస్టు చదివే చదువు అట్ల వచ్చిందే. ఆ మేలు మరువద్దు.

కాని ఒక సంగతి మనం ఎప్పుడూ కూసొని మాట్లాడుకోలే. ఇంట్ల గోర్ బోలి, బడిల తెలుగు, ఇంటర్‌కు వచ్చేసరికి ఇంగ్లీషు. రెండుసార్లు మెట్టు ఎక్కాలె, రెండుసార్లూ పక్కోడు నవ్వుతడు. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పెట్టించిన కేంద్రంలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసి గోండి భాషలో వాచకాలు రాయించిండ్రు. అంటే పిల్లలకు మొదట వాళ్ల మాటలోనే చదువు చెప్పాలనే తెలివి ఈ రాజ్యంలో 80 ఏండ్ల కిందనే ఉండె. మన తాండా పిల్లగాడు మాత్రం మొదటిరోజు నుంచే పరాయి మాటలో జవాబు చెప్పాలె. చెప్పే మాట తప్పు పోతదేమోనన్న భయం అక్కడ మొదలైతది.

ఇగ రెండో చరిత్ర, వైద్యుల దిక్కు.

నలుగురి ముందు మాట్లాడే భయానికి వైద్యంలో పేరు పెట్టింది చానా ఆలస్యంగా. ఫ్రాన్స్‌లో పియర్ జానే 1903లో మనుషుల మధ్య మాట్లాడాలన్నా, రాయాలన్నా వణికే రోగుల గురించి రాసిండు. జపాన్‌లో షోమా మొరిటా అనే వైద్యుడు ఎదుటివాళ్ల ముందు ముఖం ఎర్రబడుతదేమో, వాళ్లకు ఇబ్బంది అయితదేమో అని కుంగిపోయేటోళ్లకు వైద్యం చేసిండు. లండన్‌లో ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ 1966లో దీన్ని మిగతా భయాల నుంచి వేరు చేసి చూపిండ్రు. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో 'సోషల్ ఫోబియా'గా ఎక్కింది. ఇప్పుడు సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటున్నరు. అంటే ఈ భయం ఫ్రాన్స్‌ల ఉంది, జపాన్‌ల ఉంది, లండన్‌ల ఉంది. ఒక్క తాండాకే చెందినది కాదు. అమెరికాలో 2005లో వచ్చిన పెద్ద సర్వే ప్రకారం ఈ సమస్య ఉన్నవాళ్లలో సగం మందికి 13 ఏండ్ల లోపలే మొదలైంది.

ఆ వయసులోనే ఎందుకు? మెదడు లోపల, చెవికి పైన లోతుగా, రెండు దిక్కులా బాదం గింజంత భాగం ఒకటి ఉంటది. దాన్ని అమిగ్డలా అంటరు. గ్రీకులో బాదం అనే అర్థం. 1930లలో షికాగోలో క్లూవర్, బ్యూసీ అనే ఇద్దరు కోతుల మెదడులో కణతల దగ్గరి భాగాలు తీసేస్తే, అవి పాముకు కూడా భయపడలే. 1956లో వైస్‌క్రాంట్జ్ ఆ పని ముఖ్యంగా అమిగ్డలాదే అని చూపిండు. తర్వాత జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన పనితో భయం ఎట్ల నేర్చుకుంటమో తేలింది. ఒక చప్పుడుతో పాటు షాక్ కొడితే, కొన్నిసార్లకే ఉత్త చప్పుడుకే ఎలుక బిగుసుకపోతది. ఆలోచించే భాగానికి సంగతి పూర్తిగా అందకముందే దగ్గరి దారిన అమిగ్డలాకు కబురు పోతది. గుండె దడ, చెమట, గొంతు ఎండుడు, అన్నీ అక్కడినుంచి వచ్చిన ఆజ్ఞలే. ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలె. అమిగ్డలా భయానికి ఇల్లు అనుకోవద్దని లెడూనే తర్వాత గట్టిగా చెప్పిండు. అది ప్రమాదం వాసన పట్టే కాపలా కుక్కలాంటిది. 'నాకు భయమైతున్నది' అనే అనుభవం మెదడులోని చాలా భాగాలు కలిసి తయారు చేసుకునేది.

కుక్క మొరిగితే ఇంటి పెద్ద బయటికొచ్చి చూడాలె కదా. "మనోళ్లే, ఊకో" అనాలె. ఆ పని నుదుటి వెనక ఉన్న భాగానిది, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటరు. 1999లో జే గీడ్ బృందం పిల్లల మెదడును ఏండ్ల తరబడి స్కాన్ చేసి చూస్తే, ఈ ముందు భాగం 11, 12 ఏండ్ల దగ్గర మందమై, ఆ తర్వాత అక్కర లేని కొమ్మలు కత్తిరించుకుంట సర్దుకుంటదని తేలింది. ఆ సర్దుబాటు ఇరవైలు దాటేదాకా సాగుతది. అంటే పదిహేనేండ్ల పిల్లగానికి కుక్క బలంగా మొరుగుతది, ఇంటి పెద్ద ఇంకా చేతికి రాలే.

అదే వయసులో ఇంకోటి అయితది. 2013లో లియా సోమర్‌విల్ బృందం 8 నుంచి 23 ఏండ్ల వాళ్లను స్కానర్‌లో పండబెట్టి, "ఇప్పుడు నీ ఈడు వాళ్లు నిన్ను కెమెరాలో చూస్తున్నరు" అని మాత్రమే చెప్పింది. చెయ్యాల్సిన పని ఏం లేదు, మాట్లాడేది లేదు. ఉత్తగ చూస్తున్నరు అన్నదానికే కౌమారంలో ఉన్నవాళ్లలో సిగ్గు, చెమట, 'నేను' అనే ఆలోచనకు సంబంధించిన మెదడు భాగంలో చురుకు బాగా పెరిగినయ్. ఏ జాతి పిల్లలైనా ఆ వయసులో చూపుకు అంత తొందరగా కాలుతరు.

ఆ చూపులో ఎగతాళి కూడా ఉంటే? 2002లో మర్రే స్టెయిన్ బృందం సోషల్ ఫోబియా ఉన్నోళ్లకు ముఖాల ఫొటోలు చూపించింది. కోపంగా, చులకనగా చూసే ముఖాలకు వాళ్ల అమిగ్డలా మామూలు వాళ్ల కన్నా ఎక్కువ స్పందించింది.

మరి పుట్టుక సంగతి? దాన్ని కూడా దాచొద్దు. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసిపిల్లలను చూసి, సుమారు ఐదుగురిలో ఒకరు కొత్తదానికి ఎక్కువగా ఉలిక్కిపడుతరని చెప్పిండు. అసొంటి పిల్లల్లో కొందరికి పెద్దయినంక ఈ భయం వచ్చే అవకాశం ఎక్కువ. ఐతే ఆయన చూసినవి అమెరికాలో తెల్లవాళ్ల కుటుంబాల పిల్లలే ఎక్కువ. అసొంటి పిల్లలు ప్రతి కులంలో, ప్రతి ఇంట్లో పుడుతరు. ఒకే యాడికి పుట్టిన ఇద్దరిలో ఒకరు అట్ల, ఒకరు ఇట్ల ఉంటరు. మనిషి మనిషికి ఉండే తేడా అది, జాతికి వేసే ముద్ర కాదు.

జాతి ముద్ర ఏం చేస్తదో మన దేశంలోనే తేలింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చిండ్రు. కులం ఎవరికీ చెప్పనప్పుడు పెద్ద కులాల పిల్లలు, దళిత పిల్లలు దాదాపు సమానంగా చేసిండ్రు. అందరి ముందు పేరు, ఊరు, కులం చదివినంక దళిత పిల్లల పని పడిపోయింది. తెలివి మారలే, కాగితం మారలే. అందరి ముందు కులం చదివిన ఆ నిమిషమే పిల్లల చేతిని ఆపింది. 2006లో ఈ ఫలితాలు అచ్చయినయ్. మన తమ్ముడు లేచి 'నాయక్' అన్న నిమిషం కూడా అసొంటిదే.

ఇప్పుడు రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. హాజరు పిలిచి అనుమానంగా చూసిన చట్టం, పేరు విని నవ్విన క్లాసు, ఇంటి మాటను తప్పు అన్న బడి. వీటి మధ్య పెరిగే పదిహేనేండ్ల మెదడు 'బయటివాళ్ల ముందు నోరు తెరిస్తే దెబ్బ' అని నేర్చుకుంటే అది మెదడు తప్పా? దాని పని అది సరిగ్గనే చేసింది. తీజ్‌లో పాడే పిల్ల మెదడు కూడా సరిగ్గనే చేసింది. ఇక్కడ నవ్వరు అని దానికి తెలుసు.

నేర్చుకున్నది కాబట్టి, దాని మీద ఇంకోటి నేర్చుకోవచ్చు. భయం చెరిగిపోదు. 2002లో మిలాద్, క్వర్క్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూపింది ఇదే. షాక్ లేకుండ చప్పుడు పదే పదే వినిపిస్తే, 'ఇప్పుడు ప్రమాదం లేదు' అనే కొత్త జ్ఞాపకం ముందు భాగంలో తయారై పాతదాన్ని అణచి ఉంచుతది. అదే ఏడాది స్వీడన్‌లో థామస్ ఫుర్‌మార్క్ బృందం ఈ సమస్య ఉన్న 18 మందిని అందరి ముందు ఉపన్యాసం ఇప్పించుకుంట స్కాన్ తీసింది. కొందరికి మందులు ఇచ్చిండ్రు, కొందరికి మాటలతో, సాధనతో చేసే చికిత్స ఇచ్చిండ్రు. తొమ్మిది వారాలకు బాగుపడినవాళ్లలో, ఏ దారిన బాగుపడినా, అమిగ్డలా దగ్గరి అలజడి తగ్గింది. మాటలు, సాధన కూడా మెదడును మారుస్తయ్ అన్నమాట.

దీని నుంచి మనం పట్టుకోవాల్సినవి మూడే.

ఒకటి, తప్పించుకుంటే భయం పెరుగుతది. క్లాసు మానేసిన రోజు హాయిగ ఉంటది. కాని 'ఏం కాలేదు' అని నేర్చుకునే అవకాశం మెదడుకు పోతది. అట్లని ఒక్కసారే మైకు చేతిలో పెట్టి స్టేజీ ఎక్కించొద్దు, అది ఇంకో దెబ్బ అయితది. చిన్న చిన్న మెట్లు కావాలె. మొదట ఒక్క దోస్తు ముందు గోర్ బోలిలో, తర్వాత నలుగురి ముందు తెలుగులో, తర్వాత క్లాసులో ఒక్క ప్రశ్న.

రెండు, "భయపడకు" అంటే భయం పోదు. సీనియర్లు చేయాల్సింది కొత్తగా వచ్చిన పిల్లల పక్కన మొదటి నెల కూసోవడం. ఎవరన్నా పేరును ఎగతాళి చేస్తే ఆ నిమిషమే అడ్డుకోవాలె. మనలో మనం కూడా, చెంచు పిల్లల మాట విని నవ్వే లంబాడీ పిల్లలు ఉన్నరు. ముందు అది బంద్ కావాలె.

మూడు, సిగ్గు వేరు, జబ్బు వేరు. ఆరు నెలలు దాటి, చదువు, తిండి, దోస్తానా అన్నీ దెబ్బతింటుంటే అది వైద్యం కావాల్సిన సంగతి. నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏండ్ల వాళ్లలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు లేవు. మన పిల్లల లెక్క మనమే పెట్టుకోవాలె. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు మాట్లాడుతరు, పైసలు తీసుకోరు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది. ఈ నంబరు మీ హాస్టల్ గోడ మీద రాయండి.

ఆ తమ్ముడి సంగతి. తీజ్ చివరి రోజు రాత్రి తాండా నడిమిట్ల కూసున్నప్పుడు, వచ్చే ఏడు ఓపెన్ ఇంటర్ కట్టాలా వద్దా అని మాట్లాడుకున్నం. ఇంకా తేల్చుకోలే. కాని పోయే ముందు నాయక్, కార్‌భారి, ముసలోళ్లు అందరూ ఉన్న దగ్గర లేచి, హైదరాబాద్‌ల తను పడుతున్న కష్టం గోర్ బోలిలో పది నిమిషాలు చెప్పిండు. చేతులు వణికినయ్, మేం చూసినం. ఐనా కూసోలే. ఎవరూ నవ్వలే. అదే మొదటి మెట్టు అని మేం అనుకుంటున్నం.

మీ క్లాసులో, మీ హాస్టల్లో ఇట్ల నోరు పెగలక ఆగిపోయినోళ్లు ఉంటే రాయండి. పేరు పెట్టొద్దు, ఏమైందో మాత్రం రాయండి. మీరే ఆ మనిషి ఐతే, గోర్ బోలిలో రాసినా సరే, తప్పులతో రాసినా సరే. ఇక్కడ నవ్వేటోళ్లు లేరు.

జై సేవాలాల్. జోహార్.